అండి

రాణీగంజ్‌ల ఇది మూడో దుకాణం.
మొదటి రెండిట్ల ధర అడిగిన,
వాళ్ళు పోసిన టీ తాగి బయటికొచ్చిన.
ఇక్కడ ఇల్యాస్ భాయ్
నా పాత స్టీరియోను స్క్రూడ్రైవర్‌తోని పెకిలిచ్చి
కౌంటర్ మీద పెట్టిండు,
పీకిన పన్ను చూపెట్టే డాక్టర్ లెక్క.

డాష్‌బోర్డ్‌ల గుంత.
అందులకెల్లి ఎర్రటివి, పచ్చటివి వైర్లు.
అడుగున పదకొండేండ్ల దుమ్ము,
ఒక రూపాయి బిళ్ళ, రెండు సోంపు గింజలు,
ఎవరిదో ముత్యాల కమ్మ, ఒక్కటే.
ఎవరిదని అడగనీకె
ఎంతమందిని దింపిన్నో లెక్కుంటే గద.
జేబుల ఏసుకున్న.

"ఏడంగుళాలా, తొమ్మిదా?" అంటడు.
"రెండు జీబీదైతే మ్యాప్‌కు నత్తి వస్తది,
నాలుగుది తీస్కో.
రివర్స్ కెమెరా ఫ్రీ."
తొమ్మిదంగుళాలది జాగీర్దార్ లెక్క
ఏసీ గాలికి అడ్డం కూర్చున్నది.
ఏడు చాలు భాయ్ అన్న.
చాలు అనే మాట
దుకాణంల ఎవ్వరికీ నచ్చది.

తొవ్వ తెల్వక కాదు నేనొచ్చింది.
ఇరవై రెండేండ్లాయె.
ఏ వానకు ఫతేనగర్‌ల ఎంత నీళ్ళు నిలుస్తయో
మోకాలు కొలతతోని చెప్త.
వెనక సీటు నమ్మదు.
వాళ్ళ ఫోన్ల నీలి గీత
నా తలకాయ కంటే పెద్దది.
"ఇటెందుకు పోతున్నవ్?"
"ఏయ్, మ్యాప్ చూడరాదా?"
మొన్న కొండాపూర్‌ల ఎక్కిన పిల్లగాడు,
మా వోని ఈడోడే,
ఒక్క చుక్క ఇచ్చి దిగిపోయిండు.
నేను పోయిందే దగ్గరి తొవ్వ.

మొదటి సెట్టు ఆన్ చేసిండు.
ఆడగొంతు, ఇంగ్లీషు.
సికింద్రాబాద్‌ను నాలుగు ముక్కలు చేసి మింగింది.
రెండోది హిందీ. మంచిగనే ఉంది గాని
చలాన్ రాసేటాయన మాట్లాడినట్టుంది.
మూడోదానికి రెండువేల ఎనిమిది వందలెక్కువ.
భాషల పట్టీ కిందికి జరుపుకుంట పోయి
తెలుగు మీద వేలు పెట్టిండు.

"రెండు వందల మీటర్ల తర్వాత
ఎడమవైపు తిరగండి."

తిరగండి.

ఇంకోసారి పెట్టు భాయ్ అన్న.
వినబడలేదనుకొని సౌండ్ పెంచిండు.
సీటు కవర్లు కుట్టే పిల్లగాడు
మిషన్ ఆపి తల ఎత్తిండు.

స్టీరింగ్ పట్టినకాంచి
నన్ను భయ్యా అన్నరు, బాస్ అన్నరు,
తాగినోడొకడు మామా అని ఏడ్చిండు,
గేటు కాడ వాచ్‌మన్ "ఓ తెల్ల కారూ" అన్నడు.
బడిల సార్లకు చెన్నిగాన్ని,
నా పేరు చెన్నకేశవులని
హాజరు పట్టీకి ఒక్కదానికే తెలుసు.
గా అండి మా ఇంటి మాట కాదు.
పుస్తకంలది, బ్యాంకోళ్ళ ఫోన్లది.
అమ్మైతే "కల్లు దుకాణం కాడ మలుపు బిడ్డా" అంటుండె.
అయినా ఏందో,
చెవి దాని కోసమే ఆకలి మీదున్నట్టు.

బేరం మర్చిపోయిన.
ఇల్యాస్ భాయే యాద్ చేసి
తానే మూడు వందలు తగ్గించుకున్నడు.

చీకటి పడ్డంక ఇంటి దారి పట్టిన.
రసూల్‌పురా కాడ అలవాటుకొద్దీ
నాకెరుకైన సందుల దూరిన.
అది తిట్టలే.
జరసేపు గుండ్రంగ తిరిగి
కొత్త గీత గీసుకున్నది,
తప్పు తనదే అయినట్టు.

ఫతేనగర్‌ల నీళ్ళు నిలిచినయ్.
"నేరుగా వెళ్ళండి" అన్నది.
పాపం, దానికి వాన తెల్వదు.
"అటు వద్దమ్మా, బురదున్నది,
నా ఎంబడి రాండి" అన్న.
నోట్లకెల్లి వచ్చినంక
నాకే నవ్వొచ్చింది, అద్దంల చూసుకున్న.
వెనక సీటు ఖాళీ.

ఇంట్ల చెప్పులిడిసి
"మణెమ్మా, అన్నం పెట్టండి" అన్న.
గంటె కిందబెట్టి వచ్చి
నా నుదురు మీద చెయ్యేసింది,
జరమొచ్చిందేమో అని.
ఎందుకట్లన్నవని అడగలే,
కొత్త సెట్టు ఎంతైందని అడిగింది.
ధర చెప్పిన.
జేబుల కమ్మ సంగతి
ఇంకా చెప్పలే.