తొట్లకొండ, మర్నాడు

ఎల్లాజీ పదకొండు ఓట్లతో ఓడిపోయిన మర్నాడు
డ్యూటీకి డుమ్మా కొట్టి ఇద్దరం తొట్లకొండ ఎక్కాం.
బండి కిందే పెట్టాం. నడుద్దామన్నాడు.
భీమిలి రోడ్డు బస్సుల హారన్లు
మూడో మలుపు దాకా మా వెంట వచ్చి
అక్కడ ఆగిపోయాయి.

"జర్మనీల నువ్వో కొండెక్కినావు గదా,
ఆ కోట కత సెప్పు."

తొంభై ఏడులో క్రేన్ ట్రైనింగుకి పంపారు నన్ను.
ఒక ఆదివారం, చలికి చెవులు ఉన్నాయో లేవో తెలీదు,
హాస్టల్ వంటాయన గుంటర్ తీసుకెళ్ళాడు హాంబాఖ్ కోటకి.
దారంతా చెస్ట్‌నట్ కాయలు,
ముళ్ళపంది పిల్లల్లా రాలిపడి.
పైకెళ్ళాక, నిజం చెప్పొద్దూ, ఇంతేనా అనిపించింది,
మన రాస్ హిల్ చర్చికి పెద్దక్కలా ఉంది.

నాకొచ్చిన జర్మన్ ఇరవై మాటలు,
అందులో పన్నెండు క్రేన్ భాగాలు.
గుంటర్ చేతులు తిప్పుతుంటే అర్థమైంది:
పద్దెనిమిది వందల ముప్పై రెండు, మే నెల.
సభ అంటే సర్కారు ఒప్పుకోదని జాతర అన్నారు.
ముప్పై వేలమంది ఎక్కారు.
నలుపూ ఎరుపూ బంగారమూ కలిపి జెండా.
ద్రాక్షతోటల రైతులు మాత్రం
సుంకాలు కట్టలేక
ఉత్త నల్లజెండా మోసుకొచ్చారు.

"ఎక్కినోల్లకి ఏటి దొరికింది?"
"కొందరికి జైలు. కొందరు దేశం దాటిపోయారు."
"మరి జెండా?"
"వందేళ్ళ పైన ఎక్కుతూ దిగుతూ తిరిగింది.
ఇప్పుడు వాళ్ళ పార్లమెంటు మీదుంది."
వేళ్ళ మీద లెక్కేసుకున్నాడు ఎల్లాజీ.
"మనకంత టైము నేదురా."

పైన ఇటుక గోడలు మోకాలి ఎత్తు.
భిక్షువుల గదులు, ఒక్కోటి క్రేన్ క్యాబిన్ అంత.
సంఘంలో తగువొస్తే
పుల్లలు పంచి లెక్కపెట్టేవారట,
మా అమ్మాయి డిగ్రీ పుస్తకంలో చూశాను.

చీపురుపుల్ల ఒకటి తీసి పళ్ళ మధ్య పెట్టుకున్నాడు.
"తక్కువ పుల్లలోల్లు ఏటి సేసీవోరు?"

అది పుస్తకంలో లేదు.
కానీ అక్కడ భోజనశాల ఒకటే ఉంది.
పునాదుల చుట్టూ రెండుసార్లు నడిచి చూశాడు,
రెండోది ఎక్కడైనా ఉందేమోనని.

కింద సముద్రంలో
బెర్తు కోసం ఆగిన ఓడలు.
"పదకొండా?" అన్నాను.
"తొమ్మిదే. ఎటకారం సెయ్యకు."

చాలాసేపటికి ఫోన్ తీశాడు.
"ముత్యాల్రావుకి సెయ్యాల. గెలిసినోడు,
రేపు క్యాంటీన్ల టీలకి ఆడే డబ్బులియ్యాల."
సిగ్నల్ లేదు.
ఫోన్ నెత్తి మీదికెత్తి పట్టుకుని
మూడో మలుపు దాకా దిగాడు.