కుర్చీ కాడ

నేను సెంటీమీటర్ల లెక్కన బతికినోణ్ణి.
సిటీ ఎడిషన్‌ల ఎనిమిదో పేజీ, కింద ఎడమ మూల,
ఫంక్షన్‌హాల్ ప్రకటనకు, నల్లా బిల్లు గడువుకు నడుమ
ఎంత జాగ మిగిల్తే అంత నా వార్త.
నెలాఖరుకు స్కేలు పెట్టి కొలిచి, కత్తిరించి, పంపేది.
పదిహేడేండ్లు.

పార్శీగుట్ట దిగువ గల్లీల
మూత పోయిన మోరి గురించి ఆరుసార్లు రాసిన.
మొదటిసారి పదకొండు సెంటీమీటర్లు, ఫొటోతోని.
ఆరోసారి రెండున్నర.
మోరి మాత్రం అదే వెడల్పు.

మూతను రాత్రికి రాత్రి ఎవరో ఎత్కపోయిండ్రు,
ఇనుము కిలో లెక్కన పోతది గద.
తెల్లారంగ పాల ప్యాకెట్ల పిలగాడు
సైకిల్‌తో సహా నడుము దాకా దిగిండు.
పీకో-ఫాల్ దుకాణం జహనారా ఆపా
వాణ్ణి రెక్క పట్టి బయటికి గుంజి,
నాలుగు తిట్లు తిట్టి, చాయ్ తాగిచ్చి,
లోపలికి పోయి ఓ కుర్చీ తెచ్చింది.
చెయ్యి విరిగిన ప్లాస్టిక్ కుర్చీ.
తలకిందులు చేసి మోరి నోట్ల కుచ్చి
పైకి లేచిన నాలుగు కాళ్లకు నాలుగు ఎర్ర పేలికలు కట్టింది,
ఎవరిదో పెండ్లి చీరకు కుట్టంగ మిగిలిన ఫాలు.

వారం తిరగకముందే గల్లీకి పేరొచ్చింది.
"కుర్చీ కాడనా, కుర్చీ దాటినంకనా?"
అని అడిగేటోడు ఆటో బాలమల్లు.
గ్యాసు బండ కుర్చీ కాడికి వచ్చేది.
కోడలి మీద అలిగిన ఉప్పలవ్వ
కుర్చీ దాకా నడిచి, అక్కడ్నే ఏడ్చి, మళ్లొచ్చేది.
ఒక పెండ్లి పత్రికల అచ్చే వేసిండ్రు:
కుర్చీ పక్క సందు, రెండో ఇల్లు.

శ్రావణంల ఒకనాడు లారీ వచ్చింది,
రోడ్డు మీది ఆక్రమణలు తీసేసే లారీ.
రెండు తోపుడు బండ్లు, చెప్పులు కుట్టేటాయన గొడుగు,
వాటి మీద కుర్చీ.
మోరిని ఎత్కపోనీకి లారీల జాగ లేకుండె.

"కుర్చీది తప్పయితే, గుంత ఎవరిది సాబ్?"
ఆపా అడిగింది.
సాబు రశీదు రాసిచ్చిండు: జుర్మానా, రెండు వందలు.
ఆ ఒక్క మాట రాసి పంపిన. డెస్కుల కోసేసిండ్రు.
జాగ లేదన్నరు.
పొద్దున చూస్తె ఆ జాగల
వానకు కారని గోడల రంగు ప్రకటన.

ఆ రాత్రే వాన.
గుట్ట మీది నీళ్లన్ని మెట్లు మెట్లుగ దిగి
గల్లీని, మోరిని ఒక్కటి చేసినయి.
కరెంటు లేదు. యాడ నేల, యాడ నోరు, తెల్వదు.
ఆపా మోకాలి లోతుల వచ్చి
కాలితోని తడిమి, అంచు దొరకబట్టి,
ఆ అంచు మీదనే నిలబడ్డది.
ఒక చేతిల ఫోన్ లైటు, ఒక చేతిల ఎర్ర ఫాలు.
"ఇధర్ నక్కో! గోడ పొంటి రా బిడ్డా, గోడ పొంటి!"
కోచింగు విడిచిన ఆడపిల్లలు,
డ్యూటీ దిగిన వాచ్‌మన్లు,
ఎవరితోనో కొట్లాడుకుంట వచ్చే తాగుబోతు నర్సోజి,
అందరు గోడ పొంటే పోయిండ్రు.
గంట తర్వాత ఉప్పలవ్వ గొడుగు పట్టింది,
ఆపాకు కాదు, ఫోనుకు.
బాలమల్లు ఆటోను అడ్డం పెట్టి హెడ్‌లైటు వేసిండు.
నేనా?
గోడ పొంటి పోయినోళ్లల్ల ఒకణ్ణి.
ఇంటికి పోయి, తల తుడుచుకోని, వార్త రాసుకున్న.

ఇప్పుడు మూత ఉన్నది.
సిమెంటుది, ఎవలు ఎత్కపోరు.
పెట్టిన్నాడు కొబ్బరికాయ, దండ, ఏడుగురి ఫొటో.
నా ఆఖరి వార్త అదే: పద్నాలుగు సెంటీమీటర్లు.
ఏడుగురి పేర్లు వచ్చినయి.
ఆపా పేరు నేనే రాయలే.
డెస్కు మీదికి నూకనీకి లేదు.

మొన్న ఆటో ఎక్కిన.
డ్రైవరు కొత్త పిలగాడు, దేవరకొండ దిక్కు నుంచి వచ్చి నెల కాలే.
నేను నోరు తెరవకముందే
"కుర్చీ కాడనా సార్?" అన్నడు.
"ఏ కుర్చీ?"
"ఏమో సార్. అందరు అట్లనే అంటరు."

దిగి, మూత తొక్కకుండ పక్క నుంచి పోయిన.
అలవాటు.
దుకాణంల మిషను నడుస్తనే ఉన్నది.
గిరాకీలు గడప పట్టుకోని నిలబడ్డరు.
కూసుండనీకి అక్కడ
ఇప్పటికీ ఒక కుర్చీ తక్కువ.