పేర్లు సున్నా, పట్టు ఒకటి

క్లాయిపెడా రేవులో రాత్రి రెండు దాటింది.
కిటికీ అవతల క్రేన్లు మంచులో తలలు దాచుకున్నాయి.
మెషిన్ గదిలో నేనూ, డాంగువోలే,
పచ్చ అక్షరాల తెర ఒకటీ.

ఉదయం ఆరుకి ఈ పాత యంత్రాన్ని ఆర్పెయ్యాలి.
పదకొండేళ్లు ఓడల రాకపోకలు మోసింది,
చివరి నాలుగేళ్లూ ఒక్కసారైనా ఆగకుండా.
కొత్తది పక్కగదిలో అట్టపెట్టె విప్పించుకుని
విడిది దిగిన పెళ్లికొడుకై కూర్చుంది.

"ఆర్పేముందు ఒకసారి లోపల చూద్దాం" అంది.
చేత్తో రాసుకున్న నోటు పుస్తకం తీసింది,
సగం రష్యన్, సగం లిథువేనియన్, అట్ట మీద టీ మరక.
ఐదక్షరాల ఆజ్ఞ కొట్టింది.

కెర్నెల్ కడుపులో చల్ల కదలకుండా
దాని పట్టికల్ని బయట పరిచే పనిముట్టు అది.
దేన్నీ ముట్టదు, దేన్నీ దిద్దదు.
ఎవరు మేలుకున్నారు, ఎవరు దేనికోసం పడుకున్నారు,
ఏ గడి నిండు, ఏ గడి ఖాళీ,
జనాభా లెక్కల గుమాస్తా గొంతుతో చెప్పి పోతుంది.
"చెప్పేసరికే కొంత అబద్ధమవుతుంది" అంది డాంగువోలే.
"లెక్కపెట్టేలోగా ఎవరో పుడతారు, ఎవరో పోతారు."

వరుసలు జారాయి.
నూట పన్నెండు పనులు. పక్కన అన్నీ నిద్ర గుర్తులే.
ఒకటి డిస్కు కోసం, ఒకటి ఎవరైనా మీట నొక్కుతారేమోనని,
ఒకటి గడియారం తట్టి లేపడం కోసం.
మెలకువగా ఉన్నది ఒక్కటే:
ఆ పట్టికను చదువుతున్న పనిముట్టు,
తను చదివే పట్టికలో తనూ ఒక వరుస.
నాకు నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు.

మూడు శవాలున్నాయి.
బతుకు ముగిసినవే. కన్నది వచ్చి
"ఎలా పోయావు" అని ఒక్క మాట అడగనందుకు
గడి ఖాళీ చెయ్యకుండా నిలబడ్డాయి.
"వాటినొదిలెయ్. ఆరింటికి అందరూ పోయేవాళ్లే."

తర్వాత ఫైళ్ల పట్టిక.
డాంగువోలే వేలు తెర మీద ఆగిపోయింది.
పేర్లు సున్నా. పట్టు ఒకటి.

ఎవరో ఈ ఫైలుని చెరిపేశారన్నమాట.
ఏ డైరెక్టరీ గాలించినా దొరకదు.
కానీ ఏదో ఒక పని దాని చెయ్యి ఇంకా వదల్లేదు,
వదిలేదాకా డిస్కు దాని చోటు దానికే ఉంచుతుంది.
పరిమాణం కోటి బైట్ల పైమాటే.
నిమిషం ఆగి మళ్లీ ఆజ్ఞ వేశాం.
ఐదు బైట్లు పెరిగింది.
ఇంకో నిమిషం. ఇంకో ఐదు.

యజమాని గడిలో రొమువాల్డాస్ నంబరు.
రిటైరై, ఊరి బయట తేనెటీగలు పెంచుకుంటున్నాడు.
రాత్రి రెండున్నరకి ఫోన్ చేసింది, మొహమాటం లేకుండా.

అవతల నిద్రగొంతు చాలాసేపు దగ్గింది.
"ఓ, అదా! ఆ చలికాలం హీటింగ్ పోయింది కదా.
గది ఎంత చల్లబడుతోందో నిమిషానికోసారి రాయమన్నాను.
తర్వాత డిస్కులో చోటు చాలక ఫైలు చెరిపాను.
రాసేవాణ్ణి ఆపడం మరిచాను కాబోలు."
కాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత
"ఇప్పుడెంత ఉంది?" అని అడిగాడు.

చెప్పలేం. పేరు లేనిదాన్ని తెరిచి చదవలేం,
పెరుగుతోందని మాత్రం తెలుస్తుంది.
డాంగువోలే రిసీవరు చెవికి ఆనించుకునే
తెర వైపు నోరారా ఒక ఊపిరి వదిలింది.
ఆవిరి కనబడలేదు.
"వెచ్చగానే ఉందిలే, పడుకో" అంది.

ఆరుకి రెండు నిమిషాలుండగా ఇంకోసారి చూశాం.
ఐదు.
ఆవిడ కోటు బొత్తాలు మెడదాకా పెట్టుకుని
స్విచ్చు దగ్గరికి నన్ను పొమ్మంది.