తీర్మానించడమైనది

ఇరవై ఆరేళ్ళుగా
ఈ యూనివర్సిటీ సెనేట్ హాల్లో
గోడవారన కూర్చుని మినిట్స్ రాస్తున్నాను.
నాకు మాట్లాడే హక్కు లేదు, దగ్గే హక్కు ఉంది.
సైలీషియా బొగ్గు ఊళ్ళో చలికాలం
అందరికీ ఉండే హక్కు అదొక్కటే.
మా మంచు తెల్లగా ఉండేది మధ్యాహ్నం దాకే.

నా చేతికి బాగా అలవాటైన మాట
"తీర్మానించడమైనది."
ఎవరు తీర్మానించారో చెప్పదు,
ఎవరు చెయ్యాలో అసలే చెప్పదు.

భూమి వేడెక్కుతోందన్న మొదటి తీర్మానం
నేను ఉద్యోగంలో చేరిన ఏడే రాశాను.
నీలం ఫైలు. తర్వాత ఆకుపచ్చ ఫైలు.
ఆ తర్వాత ఫైళ్ళన్నిటికీ ఒక బీరువా.
బీరువా వెనక వేడినీళ్ళ గొట్టం
గుర్రుమన్నప్పుడల్లా తెలిసేది,
బాయిలర్ ఇంట్లో బొగుమీల్
మరో పార బొగ్గు ఎగదోశాడని.
దీపం కింద చీకటంటారు,
మా దీపం కింద బొగ్గు.

ఆ మంగళవారం తొమ్మిదో అంశం
డాక్టర్ హల్ష్కా వ్రోనాది.
"మన కాళ్ళకింద ఆరొందల మీటర్ల లోతున
మూసేసిన గని నిండా నీళ్ళున్నాయి.
ఇరవై నాలుగు డిగ్రీలు, జనవరిలో కూడా."
"గోరువెచ్చని నీళ్ళతో పన్నెండు భవనాలా?"
కోశాధికారి నవ్వాడు.
ఆమె నవ్వలేదు.
"హీట్ పంపులు దొరుకుతాయి, డబ్బు వెతకొచ్చు,
లేనిది గని మ్యాపే.
కంపెనీ దివాలా తీసిన ఏడు
అట్టపెట్టెలతో సహా పోయింది."

తలుపు దగ్గర ఎవరో గొంతు సవరించుకున్నారు.
రేడియేటర్లో గాలి తీయడానికొచ్చిన బొగుమీల్,
చేతిలో స్పానర్.
"ఏడో గ్యాలరీ తూర్పుకి వంగుతుంది.
అక్కడ గుర్రాలు కట్టేవాళ్ళట, మేకులు ఇంకా ఉండేవి.
పంతొమ్మిదేళ్ళు ఆ దారినే నడిచాను.
చీకట్లో కూడా చెప్పగలను.
చీకట్లోనే చెప్పగలను."

అధ్యక్షుడు నిబంధనల పుస్తకం తిరగేశాడు,
సభ్యుడు కానివాడు మాట్లాడితే ఏం చెయ్యాలని.
ఏమీ రాసి లేదు.
నేను రాశాను:
బొగుమీల్ గ్రాబెట్స్ చెప్పాడు.

హల్ష్కా సుద్దముక్క ఇచ్చింది.
గంటన్నర సేపు బోర్డంతా సొరంగాలు,
వేళ్ళకున్న మసి, సుద్దపొడి కలిసి
గోడమీద కొంత, కోటుమీద కొంత.
భూగర్భశాస్త్రం డీన్
మొదటేడాది పిల్లాడిలా చెయ్యెత్తి సందేహం అడిగాడు.
రాత్రికి ఒతీలియా అనే విద్యార్థిని
బోర్డుకి కాగితం అంటించింది: చెరపొద్దు.

పంతొమ్మిది మంది ఔనన్నారు, పదిహేడు మంది కాదన్నారు.

మొదటి బోరు ఎండిపోయింది.
రెండోది రాయిలో ఇరుక్కుంది.
మూడోదాన్నుంచి తుప్పురంగు నీళ్ళొచ్చాయి,
కుళ్ళిన గుడ్ల వాసనతో.
ఆ ఫిబ్రవరిలో పిల్లలు కోట్లు విప్పకుండా
పరీక్షలు రాశారు. గ్రంథాలయం కొత్త పుస్తకాలు కొనలేదు.
నేనూ తిట్టాను, మినిట్స్‌లో రాయకుండా.
నాలుగో బోరు వేసిన చోటు
బొగుమీల్ బూటుకాలితో గీసి చూపించిందే.

ఇప్పుడు గొట్టం గుర్రుమనడం లేదు.
కొన్ని మధ్యాహ్నాలు ఆ శబ్దం కోసం
చెవి తనంతట తనే వెతుక్కుంటుంది.
బీరువాకి వీపు ఆనిస్తే వెచ్చగా ఉంటుంది.
వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడంటారు కదా,
ఇక్కడ ఆ నులివెచ్చని నీళ్ళే
ఊరు మీది పొగకి తోడు రానన్నాయి.

గురువారాలు బొగుమీల్ పాఠం చెబుతాడు,
చల్లారిన బాయిలర్ ఇంట్లో, బల్లలు లేకుండా.
లెక్చరర్ అంటే మొహం చిట్లిస్తాడు.
అతని జీతం ఏ స్కేలు కిందికొస్తుందో
మూడు సమావేశాలుగా తేలలేదు.

పొరుగూళ్ళ యూనివర్సిటీలవాళ్ళు
తీర్మానం నకలు పంపమని రాస్తున్నారు.
పంపుతున్నాను, ఒక్క మాట మార్చి.
తీర్మానించాం, అని.
కింద ముప్ఫై ఆరు పేర్లు,
ఔనన్నవాళ్ళవీ కాదన్నవాళ్ళవీ,
ఆ కింద, సభ్యుడు కానివాడి పేరు.

ఆసుపత్రి వైపు చిన్న బాయిలర్ ఒకటి
ఇంకా మండుతోంది.
అది పద్నాలుగో అంశం.
వచ్చే మంగళవారం, పదింటికి.
కొత్త పెన్ను తెచ్చుకున్నాను.