అరవై రోజులకు ఇల్లు

షిప్‌యార్డులో అతుకుల్ని ఎక్స్‌రే తీసి చూడ్డం నా పని.
ఇనుము లోపల వెంట్రుకవాసి పగులున్నా
ఫిల్ము మీద దొరికిపోతుంది.
ఈ ఊళ్ళో అరవై రోజులకు ఇల్లు మాత్రం
నాలుగు రోజులు తిరిగినా దొరకలేదు.

బ్రోకరు నూకరాజు స్కూటీ వెనక కూర్చోబెట్టి
ఎంవీపీ కాలనీ సెక్టార్లన్నీ
ఎక్కాల్లా అప్పజెప్పాడు.
ఏడో సెక్టారులో, పదకొండు నెలలకి తగ్గితే కుదర్దు.
నాలుగులో, నీచు వండనని ఒట్టు పెట్టమన్నారు,
వంటింటి కిటికీలోంచి సముద్రం కనిపిస్తూనే ఉంది.
రోజుకి ఇంతని ఇచ్చే ఫ్లాటొకటి చూశాం,
ఫోటోలోని బాల్కనీ ఎదుటి అపార్టుమెంటుది.
లాసన్స్ బేలో ఒకాయన లిఫ్టు దాకా వచ్చి
"మీతో ఎవరుంటారమ్మా?" అన్నాడు.
ఎవరూ ఉండరండీ అన్నాను.
లిఫ్టు తలుపే నయం, మాట్లాడకుండా మూసుకుంది.

అయిదో రోజు, చినవాల్తేరు, పిండిమర పక్క సందు.
సూరీడమ్మ తాళంచెవి కొంగున ముడేసుకుని
మూడంతస్తులూ ఆగాగి ఎక్కింది.
ఆధార్ అడగలేదు.
"రెండు నెల్లోళ్ళే నయం తల్లీ,
గోడలకి మేకులు కొట్టరు" అంది.

ముందు గదిలో ఒక మేకుంది.
వంకరగా, చుట్టూ సున్నం పెచ్చులూడి,
కొట్టడం చేతకానివాళ్ళు కొట్టినట్టు.
మరి ఇదేమిటన్నాను.

ఆవిడ కుళాయి తిప్పి చూపించింది,
నీళ్ళు పొద్దున్న ఆరు నుంచి ఏడు.
గ్యాసుబండ ఊపి చూపించింది, సగముంది.
కరివేపాకు మొక్క అద్దెలోకి రాదు గాని
నీళ్ళు పొయ్యాలి.
గుమ్మం దాటి, నాలుగు మెట్లు దిగాక,
వెనక్కి తిరక్కుండా అంది:
"ఇరవై రోజులకని వచ్చిందమ్మా ఒక గుంట.
మొగుడు కేజీహెచ్‌లో ఉండీవోడు.
ఆడి చొక్కా తగిలించుకోడానికి కొట్టింది.
పీకీమని నాను అననేకపోనాను."

రాత్రి, అలవాటు కొద్దీ,
పగులెంత దూరం పోయిందో వేలితో తడిమాను.
స్విచ్చుబోర్డు దాకా పోయింది.

ఫోను. నూకరాజు.
"మేడమ్, పెదవాల్తేరులో ఒకటి తగిలింది,
పదకొండు నెలలే గాని మాట్లాడి తగ్గిస్తాను."
వద్దులే అన్నాను.

నా హెల్మెట్ ఆ మేకుకి తగిలించాను.
కొంచెం కదిలింది, ఊడలేదు.
ఆరింటికి అలారం పెట్టుకున్నాను,
నీళ్ళకి.