ఉంగరం ఉన్న చెయ్యి

లీడ్స్ ఊళ్ళో, మూర్‌టౌన్‌లో,
డిసెంబరు శుక్రవారం మూడున్నరకే పొద్దు వాలిపోతుంది.
సబ్బాతు దీపాలు వెలిగించే వేళకి
నా ఫోను వంటింటి సొరుగులో
గరిటెల పక్కన పడుకుంటుంది.
రేపు మూడు చుక్కలు పొడిచేదాకా
మా సంస్థ పేజీకి మౌనవ్రతం.

మిగతా రోజులు దానికి నేనే నోరు.
కోడిసూపు కాచేది వేరేవాళ్ళు,
కారట్లు చెక్కేది వేరేవాళ్ళు,
డబ్బా మీద వీధి పేరు రాసి
మనిషి పేరు రాయకుండా మూత నొక్కేది మెండెల్.
నేను చేసేదల్లా చెప్పడం.

"ముఖాలు కావాలమ్మా, ముఖాలు!
గిన్నెని చూసి ఎవడు చెక్కు రాస్తాడు?"
కోశాధికారి సెల్విన్ బ్లాస్కీ గారి గోల.
ఆయన్నీ అనలేం,
గ్యాసు బిల్లు వచ్చి పడేది ఆయన బల్ల మీదే.
దానానికి మెట్లున్నాయని మా పెద్దల మాట:
ఇచ్చినవాడెవరో పుచ్చుకున్నవాడికి,
పుచ్చుకున్నదెవరో ఇచ్చినవాడికి
తెలియని మెట్టు చాలా పైన ఉంటుందట.
అంత పైనుంచి ఫోటో ఎలా తియ్యాలో
ఏ పెద్దా చెప్పిపోలేదు.

ముఖం పెట్టలేదు నేను, అంత తెలివితక్కువదాన్నా?
చెయ్యి పెట్టాను.
ముడతల చెయ్యి, సూపు ఆవిరి,
వేలికి పచ్చరాయి ఉంగరం.
మూడువందల నలభై మంది మెచ్చుకున్నారు.
సెల్విన్ గారు మనవళ్ళక్కూడా చూపించారట.

మూడువందల నలభై ఒకటో మనిషి
ఆ ఉంగరాన్ని గుర్తుపట్టింది.
బేకరీ వరసలో నిలబడి
పైకే అంది: "అరె, ఇది మన ఎట్టీది కదూ!"

ఆ గురువారం ఒక డబ్బా
గుమ్మం దాకా వెళ్ళి అలాగే వెనక్కొచ్చింది.
ఆ పై వారమూ అంతే.
సూపు మీద కొవ్వు తెల్లగా పేరుకుని.

ఫోటో తీసేశాను.
తీసేస్తే పోతుందా, చూసిన కళ్ళలోంచి?

కొన్నాళ్ళు ఏం రాయాలో తోచలేదు.
పండగ శుభాకాంక్షలు రాశాను,
ఊళ్ళో అందరూ రాసేవే.
ఒక రాత్రి మాత్రం ఉన్నదున్నట్టు రాసేశాను:
"గురువారం రెండింటికి ఒక కారు కావాలి.
ఆల్‌వుడ్లీ వైపు పదకొండు ఇళ్ళు.
మెట్లెక్కే మోకాళ్ళుంటే మరీ మంచిది.
వాన పడొచ్చు."
పక్కన ఖాళీ డేగిసా బొమ్మ,
అడుగున అంటుకున్న సోయికూర రెబ్బ.

తొమ్మిది మెచ్చుకోళ్ళు.
మూడు కార్లు.
సెల్విన్ గారు రెండంకెలూ పక్కపక్కనే రాసుకుని
చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు.

నాలుగో ఫోను బుధవారం పొద్దున.
"కారు లేదు నాకు. మోకాళ్ళూ లేవు.
ఉల్లిపాయలు తరగడం వచ్చు.
కుర్చీ ఉంటుందా?"
గొంతు పోల్చుకున్నాను. ఎట్టీ రోజెన్‌హెడ్.
"ఉంది," అన్నాను.
ఇంకేమీ పెగల్లేదు.

వచ్చింది. కోటు విప్పింది.
ఉంగరం తీసి సాసర్లో పెట్టింది.
పదిహేను కిలోల ఉల్లిపాయలు,
కత్తి ఒక్కటే మాట్లాడింది.
నేనేదో చెప్పబోయాను, ఆ ఫోటో సంగతి.
"ముందు ముక్కు తుడుచుకో," అంది,
"సూపులో పడుతుంది."

అంతా అయ్యాక
నిమ్మచెక్కతో వేళ్ళు రుద్దుకుని
ఉంగరం మళ్ళీ తొడుక్కుంది.
ఉల్లికుప్ప మీద ఆ చెయ్యి ఆనించి
"ఊఁ, ఇప్పుడు తియ్యి," అంది.
"పేరు కూడా వెయ్యి.
ఎట్టీలో టీలు రెండు, అందరూ ఒకటి మింగేస్తారు."

ఘాటుకి నాకు తెర అలుక్కుపోయింది.
మూడుసార్లు తీస్తేగాని కుదరలేదు.
"సరిగ్గా తియ్యవే," అంది ఎట్టీ,
"బేకరీలో చూడాలి."