రెండంగుళాలు

మైపాడు గాలి పక్కనించి తోస్తే
బండి ఊగతా ఉందని వచ్చావు చెంగయ్యా.
వెనక నలభై ట్రేల రొయ్యలు, పైన దంచిన ఐసు,
సందుల్లోంచి కారే ఉప్పునీళ్లు.
"చక్రాలు కాస్త బయటికి జరుపు మస్తానన్నా,
కాళ్లు ఎడంగా పెట్టి నిలబడినోణ్ణి
ఎవుడు తోస్తాడు?" అన్నావు.
నేను నవ్వలా. మాట సరిగానే ఉండాది.

ఆటోనగర్ మూడో లైన్లో, కరెంటు పోయి వచ్చే మధ్యలో,
అల్యూమినియం దిమ్మె లేతుకెక్కించా.
వెండి పీచు రాలతా ఉంటే
మా పాప ఏరుకుని బొమ్మకి జుట్టు పెట్టింది.

అప్పుడే చెప్పా, గుర్తుందా?
స్పేసరు కూర్చోవాల్సింది హబ్బు అంచు మీద.
బరువు అంచు మోస్తాది.
బోల్టుది పట్టుకునే పని,
మోయమంటే దాని చేత కాదు.
యాభై కిలోమీటర్లు తోలి వెనక్కి రా,
నట్లు మళ్లీ బిగిద్దాం.
నువ్వు తలూపావు.
రొయ్యల సీజన్లో తలూపడం ఎంతసేపు.

మొదటి నెల నీ ఫోను:
"పెన్న బ్రిడ్జి మీద గాలి కొట్టిందన్నా,
డాష్‌బోర్డు మీద టీ గ్లాసు తొణకలా!
లావు టైర్లేశా, కమాన్‌పట్టీకి రాసుకోడం మానింది.
బండి కండ పట్టిందంటన్నారు జనం."
నాకూ గొప్పగానే ఉండింది.
నీ మాట విని ఇంకో నలుగురొచ్చారు.
జతకి పద్దెనిమిదొందలు.
అదీ చెప్తా, దాస్తే ఈ మాటలెందుకు.

గుంటల గట్టు మాత్రం వెడల్పు కాలా.
నీకు ఈ పక్క రెండంగుళాలు, ఆ పక్క రెండు.
గట్టుకి నిరుడున్నదే,
వానకి అదీ తరిగింది.
రెక్క దాటి బయటికొచ్చిన టైరు
ఎగజిమ్మిన బురదంతా
సైకిళ్ల మీద బడికి పోయే పిల్లోళ్ల తెల్లచొక్కాల మీద.
నువ్వు చూడ్లా. నీ అద్దంలో అది కనపడదు.

బేరింగు ముందు సన్నగా గొణిగింది.
నువ్వు పాట సౌండు పెంచావు.
గడ్డపార కొస పట్టుకుని బండ లేపినోడికి తెలుసు
చేయి ఎంత దూరమైతే బలం అంత పెరుగుతాదని.
ఇక్కడ ఆ బలం
బేరింగు మీదకే పెరిగింది.

తెల్లారి నాలుగింటికి, ఇందుకూరుపేట దాటినాక,
ఎడమ వెనక చక్రం
నిన్ను దాటుకుని ముందుకి పోయింది.
నీ చక్రం నీకే ఓవర్‌టేకు,
హారను కూడా కొట్టకుండా!
పోయి మీరయ్య గుంటలో పడింది.
బండి ఇరుసు మీద చతికిలబడింది.
నీకు మోచెయ్యి గీసుకుందంతే.
ట్రేలు జారి
చచ్చిన రొయ్యలు మళ్లీ నీళ్లల్లోకి పోయినాయి.

తెగిన స్టడ్లు టిఫిను డబ్బాలో తెచ్చావు. అయిదు.
ఎండలో తిప్పి చూశా.
తెగిన చోట సగం తుప్పు, సగం మెరుపు.
అంటే సగం ఎప్పుడో తెగింది చెంగయ్యా.
మిగతా సగాన్ని నమ్ముకుని
ఎన్నాళ్లు తిరిగావో నీకూ తెలీదు, నాకూ తెలీదు.
రెండో పక్క స్పేసరు ఉప్పుకి హబ్బుని కరుచుకుంది.
సుత్తి పెట్టి గంట కొడితే గానీ వదల్లా.

తప్పెవరిదని నువ్వు అడగలా.
యాభై కిలోమీటర్లయిందా అని
నేనూ ఒక ఫోను కొట్టలా.
ఆ రోజు నాకు నాలుగు జతల పని.

ఇప్పుడొచ్చి
"ఈసారి అంగుళం చాలన్నా" అంటావు.
వద్దందామని నోటిదాకా వచ్చింది.
కానీ గాలి అబద్ధం కాదు. ఐసు బరువు అబద్ధం కాదు.
నేను పంపించేస్తే పక్క లైనోడు
అంచు తీయకుండా, స్టడ్ల మీదే యేలాడదీసి
ఎనిమిదొందలకి బిగిస్తాడు.

కూర్చో. వెర్నియరు తీస్తన్నా.
ముందు నీ సీటు కింద
వీల్‌పానా ఉండాదో లేదో
తీసి నాకు చూపించు.